నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

"శబ్దం వినపడగానే బటన్ నొక్కమన్నాను కదండీ. మీరు నొక్కడం లేదు."

"వినపడితే నొక్కుతానండీ. మీరు పెట్టడం లేదు."

అద్దానికి ఇవతల ఉష. అవతల చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని జానకిరామ్. అప్పటికి రెండు నిమిషాలుగా ఆమె అతని కుడి చెవిలోకి నాలుగు వేల హెర్ట్జ్ శబ్దం పంపుతూనే ఉంది. ఒక్కో మెట్టూ పెంచుకుంటూ పోయింది. మామూలు మనిషైతే చెవులు మూసుకునేంత పెంచాక అతను బటన్ నొక్కాడు. అదీ అనుమానంగా.

గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు పైఅంతస్తులో ఉంది ఆ క్లినిక్. చెవి డాక్టర్ ఎలిజబెత్ గారిది. వినికిడి పరీక్షలు చేసే పని ఉషది. చేరి మూడేళ్ళయింది. వానాకాలం జలుబులు ఎక్కువని మాస్క్ తీయదు.

జానకిరామ్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. బందరు పక్కన గిలకలదిండిలో చేపలవేట మీద బతికే ఇంట్లో పుట్టాడు. ఏడాదిన్నరగా విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్లు బాగుచేస్తున్నాడు. కృష్ణలో టూరిస్టు బోట్లు తిప్పే ఒక కంపెనీ డ్రైవర్‌గా తీసుకుంటామంది. వినికిడి సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ.

"ఇప్పుడు నేనన్న మాటలు తిరిగి చెప్పండి," అంది ఉష. "గోడ."

"గోడ."

"బండి."

"బండి."

"సంత."

"అంత."

ఆమె కాగితం మీద చిన్న గీత గీసింది. "సీత."

"ఈత. అది మాకు బాగా వచ్చులెండి," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "శనగ."

"అనగా?" అని, తర్వాత మాట కోసం ఎదురుచూశాడు.

అతన్ని బయటికి పిలిచి గ్రాఫ్ ముందు పెట్టింది. "ఎడమవైపు ఉన్నవి బొంగురు శబ్దాలండీ. ఇంజిన్ రొద, మగవాళ్ళ గొంతు లాంటివి. అవి మీకు బాగానే వినపడుతున్నాయి. కుడివైపు ఉన్నవి కీచు శబ్దాలు. చూడండి, గీత ఇక్కడ ఎలా పడిపోయిందో. రెండు చెవుల్లోనూ అంతే."

"నా చెవులకేం కాలేదండీ. ఇంజిన్లో వాల్వు లూజైతే గేటు దగ్గర నిలబడే చెబుతాను. మీ మిషనుకే ఏదో అయ్యుంటుంది. విప్పి చూడమంటారా?"

"వద్దులెండి. ఎన్నేళ్ళ నుంచి ఇంజిన్ పక్కన కూర్చుంటున్నారు?"

"పదమూడో ఏట నుంచి."

"ఆ రొదకే పోయిందండీ. ఇది మందులతో తిరిగి వచ్చేది కాదు."

అతను కాసేపు ఆ గీతనే చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నార్మల్ అని రాసివ్వండి, ఉమ గారూ. మాటలు నాకు బాగానే తెలుస్తున్నాయి కదా."

"బోటులో పిల్లలూ పెద్దలూ ఉంటారండీ. రాయలేను."

"మీకిది ఒక పరీక్ష. నాకు బతుకు."

రిపోర్టును నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక ఉషకి గుర్తొచ్చింది. గదిలోకి పంపేముందు తన పేరు చెప్పింది. అతను ఉమ అన్నాడు. మాస్క్ వెనక పెదాలు కనపడలేదు. తన పేరు చివరి 'ష' ఉండేది గీత పడిపోయిన చోటే.

రోజూ ఇలాంటి కబురు ఇద్దరు ముగ్గురికి చెబుతూనే ఉంటుంది. ఆ రోజు మాత్రం గుణదలలో ఇంటికి వెళ్ళాక కూడా అతను కాగితం మడతపెట్టిన తీరు కళ్ళ ముందు నుంచి పోలేదు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది. ఏలూరు రోడ్డు మీద ఆటోలు కూడా ఆగిపోయాయి. క్లినిక్‌లో ఎవరూ లేరు. జానకిరామ్ తలుపు తోసుకుని వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"పోట్లాటకు రాలేదండీ. ఒక్క మాట అడిగి పోతాను. ఈల ఎన్ని హెర్ట్జ్ ఉంటుంది?"

"ఏ ఈల?"

"లైఫ్ జాకెట్‌కి కట్టి ఇస్తారు చూడండి. ప్లాస్టిక్‌ది."

"మూడు వేలకీ నాలుగు వేలకీ మధ్యన ఉంటుంది. ఏమండీ?"

అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

అతని తండ్రి కాశీరావు. తుఫాను జాగ్రత్తల క్లాసులో ఇచ్చిన లైఫ్ జాకెట్ ఉక్కపోస్తుందని తొడుక్కునేవాడు కాదు. దానికున్న ఈల మాత్రం కోసి మెడలో కట్టుకున్నాడు. నిరుటి జనవరిలో ఒక తెల్లవారుజామున తండ్రీ కొడుకులిద్దరే వేటకు వెళ్ళారు. మంచు కమ్మి ఉంది. బోటు నడుస్తుండగానే డీజిల్ పైపు కారుతుంటే జానకిరామ్ ఇంజిన్ మీదికి వంగి బిగిస్తున్నాడు. ముందు వైపు వల సర్దుతున్న కాశీరావు జారి నీళ్ళలో పడ్డాడు. కొడుకు తల ఎత్తేసరికి బోటులో తండ్రి లేడు.

దూరంగా ఇంజిన్ ఆపుకుని ఉన్న ఇంకో బోటులో మాణిక్యం అనే ఊరతను ఉన్నాడు. అతను ఈల విని వచ్చాడు. వచ్చేసరికి ఈల ఆగిపోయింది.

"మాణిక్యం బాబాయి ఊరందరి ముందూ అన్నాడండీ. అంత దూరాన ఉన్న నాకు వినపడింది, ఆ బోటులో వాడికి వినపడలేదా అని. చెవుల్లో పాటలు పెట్టుకున్నాడన్నారు. తాగి ఉన్నాడన్నారు. మా అమ్మ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేసింది. పెద్దకర్మ అయ్యాక ఇటు వచ్చేశాను." అతను తల తుడుచుకున్నాడు. "నేనూ అదే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ. ఏదో ధ్యాసలో ఉండుంటానని. మొన్న మీరు చూపించిన ఆ గీత వల్ల నిద్ర పట్టడం లేదు."

ఉష లేచి అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్స్‌లో ఇంజిన్ రొద లాంటి మోత పెట్టింది. దాని మీద, యాభై గజాల నుంచి ఈల ఎంత వినపడుతుందో లెక్కగట్టి అంత శబ్దం పంపింది. అద్దంలోంచి అతను ఆమెనే చూస్తున్నాడు. వేలు బటన్ మీదే ఉంది. కదల్లేదు.

"పెట్టారా?" అన్నాడు కొంతసేపటికి.

"పెట్టాను. నాలుగుసార్లు."

అతను హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భుజాలు కదలడం చూసి ఉష మైక్ ఆపేసింది. అతని ఏడుపు తను వినడం బాగుండదనిపించింది.

బయటికి వచ్చాక అడిగాడు. "నేను పట్టించుకోకపోవడం కాదు. నాకు వినపడలేదు. అంతేనా అండీ?"

"అంతే."

"మరి ఆయన మాత్రం ఊదుతూనే ఉన్నాడు కదండీ."

ఉష గొడుగు తీసి ఇచ్చింది. అతను వద్దని వానలోనే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి బుధవారం క్లినిక్ జనరేటర్ మొరాయించింది. ఉష రిజిస్టర్లో అతని నంబరు వెతికి ఫోన్ చేసింది. ఫోన్లో సగం మాటలు అతనికి అర్థం కాలేదు. ఆమె గొంతని మాత్రం తెలిసినట్టుంది, అరగంటలో వచ్చి బాగుచేశాడు. పై బుధవారం బాగున్న జనరేటర్‌నే మళ్ళీ చూసిపోతానని వచ్చాడు. ఆ పై బుధవారం సాకు కూడా చెప్పలేదు.

బోటు ఉద్యోగం ఎలాగూ పోయింది. ఆటోనగర్‌లో చెవులకు అడ్డాలు పెట్టుకుని పనిచేయమని ఆమె పోరుపెట్టింది. తోటి మెకానిక్‌లు నవ్వుతున్నారని అతను గొణిగాడు గానీ పెట్టుకున్నాడు.

సాయంత్రాలు ఇద్దరూ బ్యారేజీ వైపు నడిచేవారు. ఆ యేడు ఆషాఢమంతా ముసురే. కృష్ణ ఎర్రగా, బరువుగా పోతుండేది. అతని కుడి పక్కన నడవాలా ఎడమ పక్కనా అని ఆమె ఆలోచించేది. రెండూ ఒకటే అని అతనే చెప్పాడు.

"ఇప్పుడు మీకేం వినపడుతున్నాయో చెప్పండి. నాకు లేనివి," అనేవాడు.

"రైలింగ్ మీద చినుకులు. మీ రెయిన్‌కోటు జిప్పు. అక్కడెవరో అమ్మాయి కాలి పట్టీలు."

"పట్టీలు నాకక్కర్లేదులెండి. మీరు పెట్టుకోరు కదా."

ఆమె వినపడనట్టు నటించేది. అది అతనికి చాలా ఇష్టం.

ఒకరోజు తన చెవికీ హద్దు ఉందని చెప్పింది. "మనిషి చెవి ఇరవై హెర్ట్జ్ దగ్గర మొదలై ఇరవై వేల దగ్గర ఆగిపోతుంది. అదీ చిన్నతనంలో. ఇప్పుడు నాకు పదహారు వేలు దాటితే ఏమీ లేదు. మా నాన్నకి ఎనిమిది వేలు దాటితే లేదు. ఎంత వాల్యూమ్ పెట్టినా అంతే."

"మరి గబ్బిలానికి?"

"లక్ష దాకా ఉంటుంది."

"అయితే దాని లెక్కలో మనందరం చెవిటివాళ్ళమే."

"అంతే మరి."

"మీరూ నేనూ ఒకటే అన్నమాట. ఎంత హాయిగా ఉందో," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె గట్టిగా నవ్వింది. అతనికి ఆ నవ్వు సగమే వినపడింది. మిగతా సగం చూశాడు.

శ్రావణంలో చెవి మిషన్లు వారం రోజులు వాడి చూడమని తెప్పించింది. తన చేత్తోనే పెట్టింది. అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ రాలేదు. అతను ఊపిరి బిగబట్టి గోడ మీద చెవి బొమ్మను చదువుతూ కూర్చున్నాడు.

మిషన్లు ఆన్ చేయగానే ఉలిక్కిపడ్డాడు. "ఇదేంటండీ, గరగరమంటూ?"

"నేను కాగితం తిప్పాను."

"కాగితానికి కూడా ఇంత మోత ఉంటుందా?" కిటికీ వైపు తిరిగాడు. రేకు మీద వాన పడుతోంది. చాలాసేపు వింటూ ఉండిపోయాడు. "చిన్నప్పుడు వాన ఇలాగే ఉండేది," అన్నాడు మెల్లగా.

ఆమె మాస్క్ తీసి, పెదాలు కనపడకుండా అట్ట అడ్డం పెట్టుకుంది. "నా పేరు చెబుతాను. తిరిగి చెప్పండి. ఉష."

"ఉ..." అని ఆగిపోయాడు. "మళ్ళీ అనండి."

"ఉష."

అతని మొహం పాలిపోయింది. "రెండు నెలలుగా వేరేవాళ్ళ పేరు పెట్టి పిలుస్తున్నానా? ఒక్కసారైనా చెప్పలేదేమండీ?"

"మీరు పిలుస్తుంటే అదీ బాగానే ఉంది," అని ఆమె ఫైలు వైపు తిరిగింది.

అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఆ రోజే మిగతాదీ చెప్పింది. మిషన్లు పెట్టినా పోయినదంతా రాదు. వయసుతోపాటు ఇంకా తగ్గుతుంది. అతను తల ఊపాడు. తర్వాత, ఇన్నాళ్ళూ మనసులో ఉన్నది అడిగాడు.

"మా అమ్మతో ఒకసారి మీరు మాట్లాడతారా? నేను చెబితే వంక పెడుతున్నాననుకుంటుంది. మీరు చెబితే వింటుందేమో."

"రిపోర్టు చూపించొచ్చా?"

"అన్నీ చూపించండి."

గుణదల ఇంట్లో ఉషకి ఉన్నది తండ్రి ఒక్కడే. వెంకటకృష్ణారావు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. కూతురికి రెండు సంబంధాలు చూసి పెట్టాడు. అవి ముందుకు నడవడం లేదు.

"పేషెంటు ఊరికి వెళ్ళి చెప్పడమేంటమ్మా? నీ ఉద్యోగంలో అది కూడా ఉందా?"

"లేదు నాన్నా. అయినా వెళ్ళాలి."

ఆయన కూతురి మొహం కాసేపు చూశాడు. "అల్పపీడనం అంటున్నారు. ఒక్కదానివే వద్దు. నేనూ వస్తాను."

ఆదివారం ముగ్గురూ బందరు బస్సెక్కారు. దారి పొడుగునా వరి నాట్లు నీళ్ళలో మునిగి ఉన్నాయి. గిలకలదిండి చేరాక జానకిరామ్ ఇంటికి రానన్నాడు. తుంపర పడుతోందని మిషన్లు తీసి డబ్బాలో పెట్టుకుని, బోట్లు కట్టే ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు.

అతని తల్లి పెద్దింట్లమ్మ వసారాలో వల అల్లుతోంది. కుర్చీలు వేసి, మంచినీళ్ళిచ్చి, ఎవరు మీరని అడిగింది. కొడుకు పేరు వినగానే మళ్ళీ వల అందుకుంది.

ఉష గ్రాఫ్ తీసి నేల మీద పరిచింది. గీతలు చూపించింది. చెప్పిందే రెండుసార్లు చెప్పింది.

"నాకు చదువు రాదమ్మా," అంది పెద్దింట్లమ్మ, తల ఎత్తకుండానే. "కాగితం మీద గీతలు చూపిస్తే నాకేం తెలుస్తది? వాడు పంపితే వచ్చావు. పాపం నీ తప్పేం లేదులే."

ఉష గ్రాఫ్ మడిచి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది. "ఆ ఈల మీ దగ్గర ఉందాండీ?"

పెద్దింట్లమ్మ చేతులు ఆగాయి. పైట కిందనుంచి ఒక నల్లతాడు లాగింది. చివర నారింజ రంగు ఈల ఉంది.

"నా మాట నమ్మొద్దు. మీరే ఊది చూడండి," అంది ఉష.

ఆ మనిషి వల పక్కన పెట్టింది. తర్వాత లేచింది.

ప్లాట్‌ఫారం దగ్గర రెండు బోట్ల ఇంజిన్లు నడుస్తున్నాయి. జానకిరామ్ యాభై గజాల దూరంలో, వీపు ఇటు పెట్టి ఉన్నాడు. పెద్దింట్లమ్మ ఈలను నోటి దగ్గరికి తీసుకుని మళ్ళీ దించింది. రెండోసారికి ఊదింది.

బోట్ల మీది కాకులు లేచాయి. వలల కింద పడుకున్న కుక్కలు నిలబడ్డాయి. వెంకటకృష్ణారావు చెయ్యి చెవి దగ్గరికి పోయింది. దూరంగా తాళ్ళు చుడుతున్న మాణిక్యం, ఆ శబ్దం గుర్తుపట్టి, చేతిలో తాడు వదిలేశాడు. అక్కడున్న మనుషులందరూ ఇటు తిరిగారు.

జానకిరామ్ ఒక్కడే తిరగలేదు.

ఆమె మళ్ళీ ఊదింది. నడుస్తూ ఊదింది. ఊపిరి అందక శబ్దం తెగిపోతోంది, అయినా ఊదుతూనే వెళ్ళింది. పది అడుగుల దగ్గరికి వచ్చాక అతను ఏదో అనుమానం వచ్చినట్టు తల తిప్పాడు. తల్లి నోట్లో ఈల చూసి అలాగే నిలబడిపోయాడు.

పెద్దింట్లమ్మ ఎదురుగా వచ్చి అతని గడ్డం పట్టుకుంది.

"నీకు వినపడదని నాకెందుకు చెప్పలేదురా?"

అతను ఆమె పెదాల వంక చూస్తూ, "నాకే తెలియదమ్మా," అన్నాడు.

"ఇంజిన్ పనికి పోయినాక ఎనక నుంచి పిలిస్తే పలకవని ఎన్ని దెబ్బలు కొట్టానురా నిన్ను. మీ నాన్న బడికి పంపుదామన్నాడు. ఇంజిన్ పని నేర్చుకోనీ అని కూర్చోబెట్టింది నేనే."

"ఊరుకో అమ్మా."

ఆమె అక్కడే తడి సిమెంటు మీద కూలబడింది. పక్కనే అతనూ కూర్చున్నాడు. కాశీరావు పోయిన రోజు ఇద్దరూ వేరే వేరేగా ఏడ్చారు. ఇప్పుడు కలిసి ఏడ్చారు. మాణిక్యం వచ్చి ఎదుట నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి, జానకిరామ్ తల తడవకుండా కప్పి వెళ్ళిపోయాడు.

ఉష తుంపరలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. వెంకటకృష్ణారావు గొడుగు తెచ్చి ఆమె మీద పట్టాడు.

జానకిరామ్ తల్లి దగ్గర నాలుగు రోజులు ఉంటానన్నాడు. సాయంత్రం వాళ్ళను ఎక్కించడానికి బందరు బస్టాండుకు వచ్చాడు. వెంకటకృష్ణారావు ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఉష ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"ఒక్క నిమిషం," అన్నాడు జానకిరామ్. "నాకు ఇంకా తగ్గుతుందని మీరే చెప్పారు. యాభై ఏళ్ళకి ఎలా ఉంటానో ఏమో."

"గ్రాఫ్ గీసింది నేనే కదండీ. నాకు చెబుతారేంటి?"

ఇంజిన్ మోతలో అతనికి తన గొంతు తనకే తెలియలేదు. మెల్లగానే అడుగుతున్నాననుకున్నాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆ మాట బస్సు వెనక సీటు దాకా వినపడింది. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపాడు. ఇద్దరు ఆడవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. వెంకటకృష్ణారావు ఎటూ చూడలేదు.

ఉష మొహం ఎర్రబడింది. "నాన్నతో మాట్లాడాలి," అని పెదాలు స్పష్టంగా కదిపి చెప్పి ఎక్కేసింది. బస్సు కదిలింది. అతను తల మీద తువ్వాలుతో అలాగే నిలబడి ఉన్నాడు.

గూడూరు దగ్గరపడేసరికి వాన పెరిగింది. తండ్రి కిటికీ అద్దం వేసి అన్నాడు.

"మనవాళ్ళు ఏమంటారో నీకు తెలుసు కదా."

"తెలుసు నాన్నా."

"నాకూ తెలుసు. సంతోషంగా ఒప్పుకుంటున్నానని చెప్పలేను. కానీ ఆ తల్లి ఈల ఊదినప్పుడు అందరూ ఆ అబ్బాయిని చూశారు, నేను నిన్ను చూశాను. మీ అమ్మ పోయినప్పుడు కూడా నువ్వు నా ముందు ఏడవలేదు."

ఆమె తల దించుకుంది.

"నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే."

"అయితే ఫోన్ చేసి చెప్పు. పాపం వానలో నిలబడున్నాడు."

"ఫోన్లో అతనికి సరిగా తెలియదు నాన్నా. మెసేజ్ పెడతాను."

"ఇలాంటి మాట మెసేజ్‌లో పెడతారా?" వెంకటకృష్ణారావు లేచి సంచీ, గొడుగు అందుకున్నాడు. "డ్రైవర్ గారూ, కాస్త ఆపండి. మేం దిగాలి."

బస్సు వెళ్ళిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా పొలాల మీద వాన తప్ప ఏమీ కనపడటం లేదు. తండ్రీ కూతుళ్ళు ఒకే గొడుగు కింద రోడ్డు దాటి, బందరు వెళ్ళే బస్సు కోసం అవతలి పక్కన నిలబడ్డారు.